ముగింపు ఇంటికివ్వరు

"మనిషి దొరికినాడు, పుస్తకమూ దొరికింది. ఇంక మీకు ఈడ ఏం పని మేడమ్?" అన్నాడు ఎస్సై వీరభద్ర, అయ్యన్న అంగడి గడపకు అడ్డంగా నిలబడి.

యామిని చెప్పులు విడవబోతున్నది కాస్తా ఆగిపోయింది. కర్నూల్లో పొద్దున్నే బస్సెక్కి, నడుము పట్టేసి, కడపలో దిగీ దిగగానే ఈ మాట వినాల్సొస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. ఆమెకు ఇంకొంచెం ఎక్కువ మండింది. ఇన్సూరెన్సు కంపెనీలో దర్యాప్తు ఉద్యోగం చేసిన రోజుల నుంచీ ఈ వీరభద్రకూ ఆమెకూ చుక్కెదురు. ఆమె ప్రమాదం అంటే ఆయన హత్య అనేవాడు, ఆమె హత్య అంటే ఆయన ప్రమాదం అనేవాడు. సగం సార్లు ఆయన మాటే నిజమయ్యేది. ఆమె ఉద్యోగం వదిలి సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాక మళ్ళీ ఎదురుపడటం ఇదే మొదలు.

"దొరికినవాడే హంతకుడని మీరంటాండారు. కాదని వాళ్ళమ్మ అంటాంది. నేను ఆమె తరఫున వచ్చినా."

"ఏ తల్లి అవునంటాది?"

యామిని చెప్పులు విడిచింది. ఆయన పక్కనుంచి ఒదిగి లోపలికి దూరింది.

తల్లి పేరు ప్రేమమ్మ. కోసిగి దగ్గర పల్లెలో కూలి చేసుకునే మనిషి. ఆమె భర్త ఏసేపు బెంగుళూరులో కట్టడం మీద నుంచి పడి చనిపోయినప్పుడు, ఆ చావు ప్రమాదమేనని నిరూపించింది యామినే. అప్పటి నుంచి ప్రేమమ్మకు ఈ లోకంలో తెలిసిన పెద్ద మనిషంటే ఆమె ఒక్కతే. నిన్న సాయంత్రం కొడుకు వసంతకుమార్‌ను పోలీసులు పట్టుకుపోయారని తెలియగానే ఫోను చేసింది ఆమెకే. "ఎట్లన్నా ఇడిపించు తల్లీ, నాకు వాడు తప్ప ఎవరుండారు" అని ఒకటే మాట. ఇప్పుడు స్టేషన్ వరండాలో కూర్చుని ఉంది. సాయంత్రం నాలుగింటికి కొడుకును మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఆలోగా యామిని ఏదో ఒకటి చెయ్యాలి.

జరిగింది జరిగినట్టు చెప్పుకోవాలంటే ఇంతే. అయ్యన్న అద్దె పుస్తకాల అంగడి ఒకప్పుడు ఊళ్ళో పేరున్నది. ఇప్పుడు ఎవరూ రావడం లేదు, అయినా ఆయన మూయలేదు. మొన్న సాయంత్రం ఆయన భార్య నాగలక్ష్మమ్మ కంటాస్పత్రికి వెళ్ళింది. ఆ తర్వాత వసంతకుమార్ వచ్చాడు. ఐదున్నర ప్రాంతంలో అతను సంచి భుజాన వేసుకుని, మొహం తుడుచుకుంటూ గబగబా వెళ్ళిపోవడం ఎదురుగా ఉన్న చాయ్ అంగడాయన చూశాడు. ఆరు దాటాక నాగలక్ష్మమ్మ తిరిగొస్తే, అయ్యన్న నిచ్చెన పక్కన నేల మీద పడి ఉన్నాడు. కణత బెంచీ ఇనుప కాలికి తగిలింది. ప్రాణం పోయింది.

వసంతకుమార్ ఈ ఊళ్ళోనే 'మరో అచ్చు' అనే చిన్న ప్రచురణ సంస్థలో కంప్యూటరు మీద పుస్తకాలు టైపు చేసే పనిలో ఉన్నాడు. జనం మర్చిపోయిన పాత నవలల్ని, ముఖ్యంగా డిటెక్టివ్ నవలల్ని వెతికి తెచ్చి, ఇప్పటివాళ్ళు హాయిగా చదువుకునేట్టు మళ్ళీ అచ్చెయ్యడం ఆ సంస్థ పని. పోయిన వారం విడుదలైన 'మూడో జట్కా రహస్యం' అట్లాంటిదే. దాని పాత ప్రతి ఎక్కడ వెతికినా దొరకలేదు, అయ్యన్న దగ్గర తప్ప. ఆయనే దాన్ని వాళ్ళకు, పనయ్యాక తిరిగివ్వమని, ఎరువిచ్చాడు. ఆ ప్రతే ఇప్పుడు వసంతకుమార్ సంచిలో దొరికింది. అందులో చివరి పుటలు లేవు.

"బ్లేడుతో కోసినాడు," అన్నాడు వీరభద్ర, ప్లాస్టిక్ కవర్లో ఉన్న ఆ పుస్తకాన్ని ఎత్తి చూపిస్తూ. "ముసలాయన చూసి అడ్డం పడినాడు. వీడు తోసినాడు. అంతే కథ."

"కోసుకుని ఏం చేసుకుంటాడు? నవల మొత్తం అచ్చయి బజార్లో అమ్ముతాండారు. అందరికీ తెలిసిపోయిన ముగింపు కోసం మనిషిని చంపుతాడా?"

వీరభద్ర మీసం సవరించుకున్నాడు. "నోరు ఇప్పడంలే వాడు. 'నేను చంపలేదు సార్' అంటాడు, గమ్మునుంటాడు. ఎందుకు చంపినాడో ఈరోజు కాకుంటే రేపు చెప్తాడు."

"ఆ కవరు ఇట్లివ్వండి ఒకసారి."

"బయటికి తియ్యొద్దు."

యామిని కవర్లో నుంచే పుస్తకాన్ని వెలుగులో పెట్టి చూసింది. చివర నిజంగానే బ్లేడు కోత, గీత గీసినంత సూటిగా ఉంది. కానీ కోసిన అంచు మిగతా పుటల అంచులాగే చాయ్ రంగుకు తిరిగిపోయి ఉంది. మొన్న కోసిన కాగితానికి లోపలి తెలుపు కనపడాలి కదా. ఈ కోత వసంతకుమార్ పుట్టకముందుది.

"చూసినారా? ఇది పాత కోత."

వీరభద్ర చూశాడు. "అయితే పుటలు ముందే లేవంటారు. మరి లేని పుటలు కొత్త పుస్తకంలో ఎట్లొచ్చినాయి?" అన్నాడు. అంతలో ఫోను మోగితే మాట్లాడుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయాడు. వెళ్తూ ఆ పుస్తకాన్ని తీసుకుపోవడం మాత్రం మర్చిపోలేదు.

పాడు మనిషి, పోతూ పోతూ మంచి ప్రశ్నే వదిలిపోయాడు. యామిని తల గోక్కుంది.

పోలీసుల పంచనామా నిన్ననే అయిపోయింది, అంగడి తాళాలు నాగలక్ష్మమ్మకు ఇచ్చేశారు. మూడు గోడల నిండా అరలు, ఒక నిచ్చెన, ఒక పొడవాటి బెంచీ, దానికెదురుగా అయ్యన్న కుర్చీ. బల్ల మీద 'మూడో జట్కా రహస్యం' కొత్త ప్రతి ఒకటి తళతళలాడుతూ ఉంది, చివర్లో ఒక పేజీ మూల మడిచి. యామిని దాన్ని పక్కన పెట్టుకుని, చేతికందిన అరలోంచి ఇంకో పాత డిటెక్టివ్ నవల లాగింది. చివరికి తిప్పింది. 'అప్పుడు తలుపు తెరుచుకుని లోపలికి వచ్చిన వ్యక్తిని చూసి ఇన్‌స్పెక్టరు' అన్న దగ్గర ఆగిపోయింది. తర్వాత పుట లేదు. బ్లేడు కోత.

ఇంకోటి తీసింది. అదీ అంతే. మూడోదీ అంతే. ఆమెకు కంగారు పుట్టి అరంతా కిందికి దించింది. హత్య ఉన్న ప్రతి పుస్తకానికీ చివర లేదు. పక్క అరలో అత్తాకోడళ్ళ నవలలు చూస్తే ఒక్క పుట చెదరలేదు. ఈ అంగట్లో ఉన్న హంతకులందర్నీ ఎవరో ఏరి ఏరి ఎత్తుకుపోయారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎన్నో వింతలు చూసింది గానీ, ఇట్లాంటిది చూడలేదు. నేల మీద చుట్టూ పుస్తకాలు పెట్టుకుని, ఏం ఆలోచించాలో కూడా తోచక అట్లాగే కూర్చుండిపోయింది.

"పుస్తకాలన్నీ కిందికేసినావే తల్లీ" అంటూ వెనక ఇంట్లోంచి నాగలక్ష్మమ్మ వచ్చింది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయి ఉంది. ఒక కంటికి ఆస్పత్రివాళ్ళు పెట్టిన పచ్చ రంగు గుడ్డ.

"సర్దేస్తానమ్మా. ఒక్క మాట చెప్పండి. ఈ పుస్తకాల చివర్లు ఎవరు కోసినారు?"

"ఎవరో ఎందుకు కోస్తారు? ఆయనే కోసేది."

"ఆయనే? అద్దెకిచ్చే పుస్తకాన్నా?"

"హత్యల పుస్తకాలు మాత్రమే. సంసారాల పుస్తకాలు ముట్టుకోడు." నాగలక్ష్మమ్మ బెంచీ మీద నెమ్మదిగా కూర్చుంది. "ఆ కాలంలో ఒకరు తీసకపోతే వీధి వీధంతా చదివినాక గానీ తెచ్చిచ్చేవాళ్ళు కాదు. అది సరే అనుకుంటే, కొందరు పోకిరోళ్ళు ఉండేవాళ్ళు. చదివేసి, 'చంపింది బావమరిది' అని మొదటి పుటలోనే పెన్నుతో రాసి ఇచ్చేది. ఇంక దాన్ని ఎవరు తీసకపోతారు చెప్పు? అట్ల శానా పుస్తకాలు పాడుచేసినాక ఈయనకు ఉక్రోషం వచ్చింది. కడపటి పుటలు కోసి ఈడనే దాచిపెట్టేది. పుస్తకం తెచ్చిచ్చి, ఈ బెంచీ మీద కూచోని, ఆయన కండ్ల ముందర చదువుకోని, ఆయన చేతికే తిరిగియ్యవల్ల. ఎంతటోళ్ళు వచ్చినా ముగింపు ఇంటికిచ్చేది లేదు. ఒక తాసిల్దారు జీపు దిగొచ్చి, ఇద్దరు రిక్షా తొక్కేటోళ్ళ నడుమ ఇరుక్కోని చదివిపోయినాడు."

"ఎవరూ గొడవ పెట్టుకోలేదా?"

"ఇంకా ఎక్కువమంది వచ్చేది. ఈయన ఆ కుర్చీలో కూచోని, చదివేటోళ్ళ మొగాలు చూస్తా మురిసిపోయేది. నేనంటాంటి, అంగడి పెట్టింది దుడ్లకా, మొగాలు చూసేదానికా అని." నవ్వబోయి, గుర్తొచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

యామిని మెల్లగా అడిగింది. "ఈ పద్ధతి 'మరో అచ్చు' వాళ్ళకు చెప్పినాడా?"

"చెప్పేదేముంది? ఊరందరికీ తెలిసిందే కదా అనుకునేటోడు. పుస్తకం ఇచ్చిన కాన్నుంచి ఒకటే ఎదురుచూపు. వాళ్ళు కడపటిది చదివేదానికి రాలేదే, రాలేదే అని."

"రానే లేదా?"

"ఎవరూ రాలేదు. వారం కింద పుస్తకం అచ్చయిందంట అని పేపర్లో చూసి, అదెట్ల అచ్చయిందని నన్నడిగినాడు. నాకేం తెలుసు?"

యామిని వేళ్ళు మడిచి లెక్క వేసుకుంది. పుటలు కోసింది వసంతకుమార్ కాదు, సరే, అంతవరకు బాగుంది. కానీ పుటలు ఈ అంగడి దాటి పోలేదు. చదవడానికి ఎవరూ రాలేదు. మరి కొత్త పుస్తకంలో ముగింపు ఆకాశం నుంచి ఊడిపడిందా?

"ఆ పుటలు యాడ పెట్టేవాడు?"

నాగలక్ష్మమ్మ అన్నిటికన్నా పై అర చూపించింది. యామిని నిచ్చెన ఎక్కి అక్కడున్న రేకు డబ్బా దించింది. పాతకాలం బిస్కత్తుల డబ్బా. మూత తీస్తే లోపల కట్టలు కట్టలుగా చివరి పుటలు, ఒక్కో కట్టకు పుస్తకం పేరు రాసిన చీటీ. ఆ ఊరివాళ్ళను నిద్రపోనివ్వని జవాబులన్నీ అందులో ఉన్నాయి. 'మూడో జట్కా రహస్యం' కట్ట అన్నిటికంటే పైనే ఉంది.

బెంచీ మీద కూర్చుంది. ముందు కొత్త పుస్తకం ముగింపు చదివింది. రైలు స్టేషన్ నుంచి బయల్దేరిన మూడు జట్కాల్లో, మూడోదాంట్లో ఎక్కిన వ్యాపారిని చంపింది డాక్టరు. అన్యాయంగా జైల్లో పెట్టిన జట్కా తోలే మస్తానును విడిచిపెడతారు. అతను తెల్లవారుజామున నడుచుకుంటూ వాళ్ళమ్మ దగ్గరికి పోతాడు. ఆ చివరి పేజీ ఇంకోసారి చదివింది. ఎవరు రాశారో గానీ, బాగా రాశారు.

తర్వాత పాత పుటలు విప్పింది. పేరాలు లేని చీమల బారు అచ్చు. ఇందులో డాక్టరు నిర్దోషి. చంపింది వ్యాపారి సొంత చెల్లెలు. మస్తాను సంగతి ఎక్కడా లేదు. రచయిత అతన్ని జైల్లో పెట్టి మర్చిపోయాడు.

రెండు పుస్తకాలు, ఇద్దరు హంతకులు. ఒకటి నిజం, ఒకటి కల్పన. అట్ట మీద మాత్రం 'అసలు నవల, అక్షరం పోకుండా' అని బంగారు రంగులో మెరుస్తోంది. అది అబద్ధమని తెలిసిన మనిషి ఈ భూమ్మీద ఒక్కడే, అయ్యన్న. ఆ ఒక్కడూ పుస్తకం విడుదలైన వారానికి చనిపోయాడు. యామినికి పొద్దున్నుంచి చిక్కుముడిలా ఉన్నదంతా ఇప్పుడు కొస దొరికినట్టనిపించింది.

అదే సమయానికి గడప దగ్గర ఎవరో దగ్గారు. చేతిలో పూలదండ, తెల్ల చొక్కా, నలభై లోపు వయసు. 'మరో అచ్చు' యజమాని చైతన్య. నాపరాళ్ళ వ్యాపారం చేసే ఇంటి మనిషి. బండలమ్మి సంపాదించింది పుస్తకాల్లో పోస్తున్నాడని ఇంట్లోవాళ్ళు మొత్తుకుంటారని యామిని విని ఉంది. అయ్యన్న ఫోటోకు దండ వేసి, నాగలక్ష్మమ్మ కాళ్ళకు దండం పెట్టాడు. యామిని ఎవరో తెలిశాక మొహం కొంచెం తేటపడింది.

"వసంత్ అట్లాంటోడు కాదు మేడమ్. వాడు చీమకు కూడా దారిస్తాడు. ఏదో పొరపాటు జరిగింది."

"మీ పుస్తకం గురించి చెప్పండి."

అంతే, మనిషి దుఃఖం కూడా మర్చిపోయాడు. "పాత అచ్చులో పేరా అనేదే ఉండదు మేడమ్. ఎవరు మాట్లాడతాండారో తెలీదు, ఒక్కో వాక్యం పేజీ పొడుగుంటాది. మేం మాటలు విడగొడతాం, మాట్లాడేవాళ్ళను వేరు చేస్తాం, అక్షరం పెద్దది చేస్తాం. ఇప్పటి పిల్లలు బస్సులో కూర్చుని చదివేయాల. కథలో మాత్రం వేలు పెట్టం. అదే మా పేరు. రెండో ముద్రణకు కూడా పోతాండాది."

"పాత ప్రతి మీరు చదివినారా?"

చైతన్య తడబడ్డాడు. "చదవాలనే కూర్చున్నా. రెండు పేజీలకే కండ్లు లాగినాయి. టైపు అయినాక చదివినా."

"అంటే అచ్చేసేవాడే అసలు పుస్తకం చదవలేదు."

"సిగ్గుచేటే. ఎవరికీ చెప్పొద్దు."

"దాంట్లో చివరి పుటలు ఉండినాయా?"

"లేకుంటే ఎట్ల అచ్చేస్తాం మేడమ్?"

ఎంత అమాయకంగా అన్నాడు. యామిని ఒక్క ముక్క నమ్మలేదు. ఇన్సూరెన్సు దర్యాప్తుల్లో ఇట్లాంటి అమాయకులను బోలెడుమందిని చూసింది.

"మొన్న సాయంత్రం ఐదున్నరకు యాడుండారు?"

"కర్నూలు నుంచి వస్తాండా, కార్లో."

"ఎవరైనా పక్కన ఉండారా?"

"ఒక్కణ్ణే." అప్పుడుగానీ అతనికి వెలగలేదు. "నన్నెందుకు అడుగుతాండారు?"

"స్టేషనుకు రండి, చెప్తా" అంది యామిని, పాత పుటలూ కొత్త పుస్తకమూ సంచిలో పెట్టుకుంటూ. అప్పటికి మూడు కావస్తోంది. చైతన్య కారులోనే ఇద్దరూ బయల్దేరారు. దారంతా ఆమె లోలోపల ఎగిరి గంతేస్తోంది. పేరు పోతుందని భయం ఉన్నవాడు, ముగింపు దొరక్క సొంతంగా అల్లించినవాడు, చూసిన సాక్షి లేనివాడు. ఇంకేం కావాలి? వీరభద్ర మొహం ఎట్లా మాడిపోతుందో ఊహించుకుంటేనే నడుం నొప్పి సగం తగ్గింది.

స్టేషన్ వరండాలో ప్రేమమ్మ లేచి నిలబడింది. యామిని ఆమె భుజం తట్టి, "లోపలికి రా, నువ్వూ విందువు" అంది. ఇప్పుడు తలచుకుంటే ఆ పిలవడం ఒక్కటైనా మానుకుని ఉండాల్సింది అనిపిస్తుంది ఎవరికైనా.

లోపల వసంతకుమార్ గోడవారన బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా, రెండు రోజులుగా నిద్రలేని కళ్ళతో. చైతన్యను చూడగానే గాభరాగా లేచి నిలబడ్డాడు.

యామిని కూర్చోలేదు. పాత పుటలూ కొత్త పుస్తకమూ వీరభద్ర బల్ల మీద పక్కపక్కన పెట్టి, అద్దె అంగడి పద్ధతి మొదలుకుని అంతా చెప్పింది. చివరి పుటలు అంగడి దాటి పోవని, వాటిని చదవడానికి ఎవరూ రాలేదని, కాబట్టి ఈ కొత్త ముగింపు దొంగదని, ఆ సంగతి అయ్యన్నకు తప్ప ఇంకెవరికీ తెలియదని. వీరభద్ర మధ్యలో అడ్డు తగల్లేదు. రెండు ముగింపులూ ఓపిగ్గా చదివాడు. ఆయన అంత శ్రద్ధగా చదవగలడని యామిని అనుకోలేదు.

"నిన్నట్నుంచి నాకు దొరకంది ఇదే," అన్నాడు ఆయన. గొంతులో వెటకారం లేదు. "అయ్యన్న బతికుంటే ఎవరి కొంప మునుగుతుంది అన్నది. దొరికింది."

"ఆ కొంప ఈయనది" అంది యామిని, చైతన్యను చూపిస్తూ.

చైతన్య మొహం పాలిపోయింది. "అమ్మతోడు, నాకేమీ తెలీదు. ఆ పుటలు లేవనే సంగతి ఇప్పుడు మీరు చెప్తేనే తెలిసింది."

"మీ పుస్తకంలో మీకు తెలీకుండా ముగింపు పుట్టిందా?"

"ఉండండి మేడమ్," అన్నాడు వీరభద్ర. "ఒక్క చిన్న మాట. ఈ కొత్త ముగింపు చేత్తో కూర్చుని రాసిందెవరు?"

"ఎవరైతే ఏం? రాయించింది ఈయన. ఎవరో పెద్ద రచయితను పట్టుకుని రాయించి ఉంటాడు."

"సార్ రాయించలేదు" అన్నాడు వసంతకుమార్.

గదిలో అందరూ అటు తిరిగారు. నిన్నటి నుంచి మూగనోము పట్టినవాడు మాట్లాడుతున్నాడు.

"సార్‌ను ఏమీ అనొద్దండి. ఆయనకు ఏ పాపమూ తెలీదు. అది రాసింది నేను."

యామిని బల్ల మీది పుస్తకాన్నీ అతన్నీ మార్చి మార్చి చూసింది. కొత్త పుస్తకం చదివినప్పుడు ఎవరో బాగా రాశారనుకుంది. ఆ ఎవరో అన్న చోట చైతన్యను పెట్టి చూసింది, పేరున్న రచయితల్ని పెట్టి చూసింది. కోసిగి పక్క పల్లెలో పుట్టి, రోజంతా ఎవరి మాటలో టైపు చేసుకుంటూ కూర్చునే ఈ అబ్బాయిని మాత్రం పెట్టి చూడలేదు. అతనికి చేతనవుతుందన్న ఆలోచన కూడా ఆమెకు రాలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

"వసంత్, ఇంక మాట్లాడొద్దు. లాయరు వచ్చేదాకా ఆగు" అంది.

ఆగలేదు. దాచుకోలేక అలిసిపోయిన మనిషి ఎక్కడ ఆగుతాడు? "నాకు అద్దె అంగళ్ళ పద్ధతి తెలీదు సార్. మా ఊర్లో అట్లాంటియి లేవు. పాత పుస్తకం కదా, కడపటి పుటలు ఊడిపోయినాయి అనుకున్యా. ముగింపు లేదని చెప్తే సార్ ఆ నవలే మానుకునేటోడు. నాకు అది శానా నచ్చింది. జట్కా తోలే మస్తాను జైల్లోనే ఉండాడు, వాణ్ణి అట్లనే వదిలేయబుద్ధి కాలేదు. అందుకే నేనే రాసి పెట్టేసినా. అచ్చయినాక భయం పట్టుకునింది. పాత పుస్తకం తిరిగిచ్చి, ఒక కొత్తది తాతకిచ్చి వద్దామని పోయినా. తాత కడపటి పుటలు చదివి, నా తట్టు చూసినాడు."

"చూసి?" వీరభద్ర పెన్ను మూత తీశాడు.

"డబ్బా దించి, అసలుది నా చేతిలో పెట్టి, కూచోని చదువు అన్యాడు. చదివినా. ఇది మీ సార్‌కు నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా అన్యాడు."

"నువ్వేమన్యావు?"

"వద్దు తాతా, పని పోతాదని కాళ్ళు పట్టుకున్యా. ఒప్పుకోలేదు. పాత పుస్తకం తిరిగిచ్చేది కూడా మర్చిపోయి, ఏడ్చుకుంటా వచ్చేసినా. నేను వచ్చేటప్పుడు తాత ఆ పుటలు మళ్ళా డబ్బాలో సర్దుకుంటా బాగానే ఉండాడు సార్. ప్రభువు సాక్షిగా బాగానే ఉండాడు."

వీరభద్ర రాస్తున్నాడు. వసంతకుమార్ చెప్పినదాంట్లో ఒక్క మాటా వదలకుండా, కొట్టివేతల్లేకుండా రాస్తున్నాడు. పొద్దున ఆయన దగ్గర ఒక సంచి, ఒక కోసిన పుస్తకం తప్ప ఏమీ లేవు. ఎందుకు చంపాడని మేజిస్ట్రేటు అడిగితే నీళ్ళు నమిలేవాడు. ఇప్పుడు ఆ జవాబు బల్ల మీద ఉంది. దాన్ని అరలోంచి దించి, సంచిలో పెట్టుకుని, కారులో మోసుకొచ్చి ఆయన ముందు పెట్టింది యామినే. గెలిచానన్న నవ్వు ఆయన మొహంలో లేదు. ఆమె వైపు చూడను కూడా లేదు. చైతన్య గోడకు ఆనుకుని, చేతుల్లో మొహం దాచుకున్నాడు.

వెనక నుంచి ఎవరో యామిని మోచెయ్యి పట్టుకున్నారు. ప్రేమమ్మ. ఆమెకు ఈ ముగింపుల గొడవ, ఈ పెన్ను మూత తియ్యడం ఏమీ అర్థం కాలేదు. కొడుకు చెప్పిన మాటల్లో తనకు అందిన ఒక్క మాటను గట్టిగా పట్టుకుంది. మొహం వెలిగిపోతోంది.

"ఏమమ్మా, అందరూ కొనుక్కోని చదువుతాండేది, నా కొడుకు రాసిందా?" అని గుసగుసగా అడిగింది.

యామిని తల ఊపింది.

"ఆ జట్కాయప్పను ఇడిసిపెట్టినారా కడాకు? వాళ్ళమ్మ కాడికి పోయినాడా?"

"పోయినాడు ప్రేమమ్మా."

వీరభద్ర రాసిన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, కోర్టుకు టైమైందని, జీపు తియ్యమని కానిస్టేబులుకు చెప్పాడు.